ఆరో ఎక్కం బావ

మా బావతో నాకు ఆస్తి తగాదాల్లేవు. పెళ్లినాటి అలకలు ఎప్పుడో తీరిపోయాయి. మిగిలిందల్లా ఒక టీ తగాదా.

2018లో ఆయన వనస్థలిపురంలో ఫ్లాటు కొన్న కొత్తలో చూసొద్దామని వెళ్లాను. ఇల్లంతా తిప్పి చూపించాడు. ఉన్నవి రెండు గదులే కాబట్టి ఆ కార్యక్రమం తొందరగానే ముగిసింది. "పదండి బావా, వీధి చివర టీ తాగొద్దాం" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. కొత్తిల్లు కదా, ఏ స్తోత్రమో చదువుకుంటున్నాడనుకుని నేనూ చెప్పులు విప్పి పక్కకి నిలబడ్డాను. కాసేపటికి కళ్లు తెరిచి, "టీ ఎంతుంటుంది?" అన్నాడు.

"పది."

"అరవై" అన్నాడు.

"అంత ఖరీదు టీ ఎక్కడ దొరుకుతుంది బావా?"

"నీకు పదే. నాకు అరవై. ఇద్దరికీ నూట ఇరవై. ఇంట్లో తాగుదాం రా."

ఇంట్లో తాగాం. ఆ టీలో పాలు కలిపారని అక్క చెబితే నమ్మాను, కళ్లతో చూసి కాదు.

సంగతేమిటంటే, ఫ్లాటు మీద బావ తీసుకున్న లోను 20 లక్షలు. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు, నెలకు కంతు 17,995 రూపాయలు. రెండు కంతులు కట్టాక, "ఇంతకీ అసలు ఎంత తీరిందమ్మా?" అని బ్యాంకుకెళ్లి అడిగాడట. కౌంటర్లో అమ్మాయి చాంతాడంత ప్రింటు తీసిచ్చింది. మొదటి నెల కట్టిన 17,995లో 15,000 వడ్డీకే పోయింది. అసలుకి చేరింది 2,995. ఏడాదంతా 2 లక్షల 16 వేలు కడితే అసలులో కరిగేది 37 వేల చిల్లర. ఇరవై ఏళ్లకీ కట్టేది 43 లక్షల పైమాటే. ఆ కాగితం పట్టుకుని బావ అక్కడే కుర్చీలో కూలబడ్డాడట. ఎవరో మంచినీళ్లిచ్చారట. అవి ఉచితమేనని తెలిశాక కాస్త తేరుకున్నాడట.

ఆ చాంతాడులోంచే ఆయనకి ఒక రహస్యం దొరికింది. కంతుకి పైన ఒక్క రూపాయి ఇప్పుడే అసలులో పడేస్తే, దాని మీద ఇరవై ఏళ్లు పెరగాల్సిన వడ్డీ, ఆ వడ్డీ మీద వడ్డీ పుట్టకుండానే పోతాయి. చివర్లో ఆరు రూపాయలు కట్టక్కర్లేదు. తప్పు పట్టుకుందామని నేను క్యాలిక్యులేటర్ మీద రెండుసార్లు వేశాను. రెండుసార్లూ ఆరే వచ్చింది. పైగా ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోను ముందే తీర్చేసేవాళ్ల దగ్గర జరిమానా తీసుకోవద్దని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పేసింది. ఇక బావని ఆపేవాడెవడు? ఆ రోజు నుంచీ లోకంలో ప్రతి వస్తువు ధరా ఆయనకి ఆరింతలైపోయింది.

మా మేనకోడలు అప్పుడు రెండో తరగతి. బళ్లో ఇంకా మూడో ఎక్కం నడుస్తుంటే ఇంట్లో ఆరో ఎక్కం కంఠతా వచ్చేసింది. "మావయ్యా, నువ్వు కొనిస్తే ఐస్‌క్రీం ముప్పయ్యే. నాన్న కొనిస్తే నూట ఎనభై" అనేది జాలిగా.

ఈ జాతి మనుషుల్ని మీరూ చూసే ఉంటారు. వీళ్లని పిసినారులంటే పిసినారులు ఒప్పుకోరు. పిసినారి కూడబెట్టడానికి దాస్తాడు, వీళ్లు వదిలించుకోవడానికి దాస్తారు. పిసినారి గుట్టుగా బతుకుతాడు. వీళ్లు మాత్రం పది రూపాయలు మిగిల్చిన సంగతి పది మందికి చెప్పకపోతే ఆ పదీ మిగిలినట్టు కాదు. దానికి ఫోన్ ఖర్చులేదు కాబట్టి సరిపోయింది.

బావకి ఇంటి లోను ఒక్కటే అయితే ఇంత కథే ఉండేది కాదు. ఇంటి వెనకాలే ఇంకో మూడు అప్పులు గృహప్రవేశం చేశాయి. వాటిని గుర్తుంచుకోవడానికి, తిట్టుకోవడానికి వీలుగా ఆయన వరసలు కలిపాడు. కర్టెన్లు, ఫ్రిజ్, విందు భోజనాలు మోసిన క్రెడిట్ కార్డు పేరు కొత్తల్లుడు. 'మినిమం కడితే చాలు మామయ్యగారూ' అని మర్యాదగా నవ్వుతూనే నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి నలభై రెండు శాతం, మూటగట్టుకుపోతాడు. ఊళ్లో నోటు రాసి తెచ్చిన మూడు లక్షలు వియ్యంకుడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు ఆరు వేలు. మూడేళ్లు నిండితే నోటు చెల్లదు కాబట్టి, ఆలోపే తిరగరాయించుకోవడానికి స్వయంగా దయచేసి భోజనం చేసి మరీ వెళ్తాడు. అక్క గొలుసు కుదువపెట్టి తెచ్చిన గోల్డ్ లోను ఆడపడుచు. ఎంత ఇంటి మనిషైనా బంగారం మీదే కన్ను. ఇంటి లోను మామగారు. పెద్దాయన, నెమ్మదస్తుడు, తక్కువ వడ్డీ మనిషి. కాకపోతే ఇరవై ఏళ్లు కదలడు.

కార్డుకి అల్లుడి పేరు పెట్టడం మా ఇంట్లో కొంచెం గొంతులో ముల్లు. తొలి సంక్రాంతికి వచ్చినప్పుడు ఈయనే స్కూటర్ కోసం రెండు పూటలు భోజనం మానేసి మా నాన్న చేత అప్పు చేయించాడు. బావ ఆ పేరు గొప్పగా వివరిస్తుంటే నాన్న దగ్గొచ్చినట్టు లేచి లోపలికి వెళ్లారు. నవ్వుతున్నారో, లెక్క వేసుకుంటున్నారో నాకు తెలియలేదు.

అల్లుణ్ణి ముందు సాగనంపాలి, తర్వాత వియ్యంకుణ్ణి, తర్వాత ఆడపడుచుని, మామగారి సంగతి చివర్న చూడాలి. ఎక్కువ వడ్డీ ముందు అన్నమాట. ఈ వరస నేను ఇప్పటికీ తప్పు పట్టలేను. సాగనంపే పద్ధతే చూసేవాళ్లకి ప్రాణసంకటం.

ముందు కరెంటు. హైదరాబాదులో నెల వాడకం వంద దాటి 200 యూనిట్లలోపు ఉంటే మొదటి వందకి యూనిట్ 3 రూపాయల 40 పైసలు, రెండో వందకి 4 రూపాయల 80 పైసలు. ఆ పద్దు వరకు 820 రూపాయలు. 201 అయిందా, శ్లాబు మారి మొదటి యూనిట్ నుంచీ 5 రూపాయల 10 పైసల లెక్క పడుతుంది. ఆ పైనున్న ఒక్క యూనిట్‌కి 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే రెండు వందల ఒకటో యూనిట్ ఒక్కదాని ఖరీదు 207 రూపాయల 70 పైసలు! దీన్ని ఆరు పెట్టి గుణించాక బావకి రెండు రోజులు నిద్రపట్టలేదు. రీడింగ్ తీసే కుర్రాడు రావడానికి వారం ముందు నుంచీ ఆ ఇంట్లో సాయంత్రాలు పాండవుల అజ్ఞాతవాసంలా ఉంటాయి. ఒకసారి వెళ్లేసరికి అక్క బాల్కనీలో కూర్చుని ఎదురింటివాళ్ల ట్యూబ్‌లైటు వెలుగులో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "మనవాళ్లది మంచి లైటు, కంటికి హాయిగా ఉంటుంది" అన్నాడు బావ చీకట్లోంచి. ఎక్కడున్నాడో కనిపించలేదు. మాటని బట్టి నమస్కారం పెట్టాను.

తర్వాత కూరలు. రైతుబజారుకి లోకమంతా పొద్దున్నే వెళ్తుంది. మా బావ మూసేసే వేళకి వెళ్తాడు. "పొద్దున కూర లేత, రేటు ముదురు. రాత్రి కూర ముదురైనా రేటు లేత" అని సిద్ధాంతం. అలా తెచ్చిన బెండకాయల్ని అక్క కత్తిపీటకి బదులు రంపంతో కోస్తుందేమోనని నా అనుమానం. 2023 జూలైలో టమాటా కిలో నూట యాభై దాటినప్పుడు మాత్రం ఆయన మొహంలో ఒక వింత వెలుగు చూశాను. అప్పుడు దేశమంతా ఆయన దారిలోకి వచ్చింది. "మేం ఎప్పుడో మానేశాం" అని పక్కింటివాళ్లకి చింతపండు పప్పుచారు గురించి ఉపన్యాసాలిచ్చాడు.

పెళ్లిళ్లకి వెళ్లడం మానలేదు. భోజనం ఉంటుంది కదా. చదివింపుల దగ్గరే చిక్కు. దానికి ఆయన బీరువాలోంచి తన పెళ్లినాటి చదివింపుల పుస్తకం బయటికి తీశాడు. అందులో ఎవరు ఎంత రాయించారో వాళ్లింటి శుభకార్యానికి సరిగ్గా అంతే చదివించి వస్తాడు. అప్పట్లో నూటపదహార్లు రాయించిన పెద్దమనిషి కూతురి పెళ్లికి ఇప్పుడూ నూటపదహార్లే. "ధరలు పెరిగాయి కదా బావా" అంటే, "ఒరేయ్, అది వడ్డీలేని అప్పు. అలాంటివి ప్రపంచంలో అవొక్కటే మిగిలాయి. వాటికి నువ్వు వడ్డీ నేర్పకు" అన్నాడు.

నా గృహప్రవేశానికి ఆయన తెచ్చిన కానుక సంగతి ఎక్కడైనా రాయకపోతే నాకు మనశ్శాంతి లేదు. సగానికి కోసిన నీళ్ల సీసాలో ఒక మనీప్లాంటు కొమ్మ. ఎర్ర రిబ్బను కూడా కట్టాడు. నేను కదిలిపోయి కళ్లు తుడుచుకున్నాను. మర్నాడు మా ఆవిడ మా బాల్కనీలో తీగ చూపించింది. కొమ్మ తుంచిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది. ఆ సీసాలోది, పాపిష్టిది, ఇప్పుడు మా హాలు చుట్టూ రెండు చుట్లు తిరిగింది.

వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. పొదుపు ఒక వారం చేయడం ఎవరికైనా సరదాయే. నోములకీ వ్రతాలకీ ఉద్యాపన ఉంటుంది. ఈ నోముకి ఉద్యాపన ఇరవై ఏళ్ల తర్వాత. అప్పటిదాకా ఉత్సాహం ఎక్కణ్నుంచి తేవాలి? ఈ ప్రశ్నకి బావ చూపించిన తెలివి ముందు నేను తలవంచుతాను.

పాత క్యాలెండర్ వెనక స్కేలు పెట్టి 240 గళ్లు గీశాడు, నెలకొకటి. కంతు కట్టినరోజు మొదటి వైపు నుంచి ఒక గడికి కుంకుమ దిద్దుతాడు. మిగిల్చిన డబ్బు అసలులో వేసినప్పుడు చివరి వైపు నుంచి గళ్లు కొట్టేస్తాడు. రెండు వైపులనుంచీ మండే అగరొత్తి లాంటిదన్నమాట. చివరి గళ్లు కొట్టేసిన రోజు ఇంట్లో సేమ్యా పాయసం. నెలకి రెండు ఏకాదశులూ పర్సుకి ఉపవాసం. ఆ రోజు పైసా బయటికి రాకూడదు. ఉప్పు అయిపోయినా ద్వాదశి దాకా చప్పిడి కూరే. వైకుంఠ ఏకాదశి నాడు గుడి దగ్గర చెప్పుల స్టాండువాడు రెండు రూపాయలడిగితే, ఇంటికి వెనక్కొచ్చి చెప్పులు విడిచి వట్టి కాళ్లతో మళ్లీ వెళ్లాడు. దేవుడు దాన్ని భక్తి ఖాతాలో వేసుకుని ఉంటాడు.

ఇంత చేసినవాడు ఒకరోజు ఆరున్నర వేలు పోసి ఇంట్లోకి పిండిమర కొన్నాడు. బయట ఆడిస్తే కిలోకి పది రూపాయలట. అంటే ఆ మర ఖరీదు తీరాలంటే ఆ కుటుంబం 650 కిలోల గోధుమలు ఆడించుకుని తినాలి. ఆరు పెట్టి గుణించడం ఆ రోజు ఆయనకి గుర్తు రాలేదు, గుర్తుచేసే ధైర్యం మాకు రాలేదు. పొదుపు చేసేవాడికి అన్నిటికంటే పెద్ద ఖర్చు పొదుపు కోసం కొనే వస్తువులే. ఇప్పుడా మర మీద దుప్పటి కప్పి, పైన ఇస్త్రీ పెట్టె పెట్టుకున్నారు.

అయినా అల్లుడు ఏడాదిలో వెళ్లిపోయాడు. వియ్యంకుణ్ణి సాగనంపడానికి చీటీ పాడాల్సి వచ్చింది. నోటు వెనక చెల్లు రాయించుకొచ్చిన రోజు బావ దానికి ఫ్రేము కట్టించాడు. ఫ్రేముకి నూట యాభై రూపాయలు ఇచ్చేటప్పుడు పెదాలు కదపలేదు. ఆడపడుచు కూడా కదిలి, గొలుసు ఇంటికొచ్చిన సాయంత్రం అక్క అది వేసుకుని వంటింట్లో పప్పు తాలింపు పెట్టింది. చూడ్డానికి నేనూ బావా తప్ప వేరే ఎవరూ లేరు. బావ గుమ్మంలో నిలబడి, "లైటు వెయ్యి" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

ఇక మామగారు ఒక్కడే. నెలకు 30 వేల దాకా ఆయన మీదే కుమ్మరిస్తున్నారు. గళ్లు రెండు వైపులా కరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడు రిజర్వ్ బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరిలోగా రెపో రేటుని 4 నుంచి 6.5 శాతానికి లాక్కెళ్లింది. కంతు పెంచితే జనం గోల పెడతారని చాలా బ్యాంకులు చేసినట్టే, బావ బ్యాంకు కూడా కంతు కదపకుండా గడువు పొడిగించింది. ఆయన కొట్టేసిన చివరి గళ్లలో ముప్పై పైచిలుకు మళ్లీ మొలిచాయి. రక్తబీజుడి కథ పురాణంలో వినడం వేరు, క్యాలెండర్ వెనక చూడ్డం వేరు.

బావ మూడు రోజులు చార్టు వైపు చూడలేదు. నాలుగో రోజు సాయంత్రం ఎల్బీ నగర్లో బస్సు దిగి నడుస్తుంటే, మిర్చిబజ్జీల బండి వెనక తెలిసిన బట్టతల కనిపించింది. చేతిలో కాగితం పొట్లం, మూతికి ఉల్లిపాయ ముక్క. నన్ను చూసి అచ్చం దొంగలాగే బిగుసుకుపోయాడు. "ఇది... ఇతరములు రా" అన్నాడు.

నాకప్పుడు వెలిగింది. ఆయన ఖర్చుల పుస్తకంలో ప్రతి నెలా చివర 'ఇతరములు' అని ఒక పద్దు ఉంటుంది. మామూలు నెలల్లో 40. దిగులు నెలల్లో 400. ఆయన ఉత్సాహం ఎలా ఉందో తెలుసుకోవాలంటే చార్టు చూడనక్కర్లేదు, ఆ పద్దు చూస్తే చాలు. ఆ రోజు నేనేమీ అనలేదు. ఇంకో ప్లేటు చెప్పించాను. ఇద్దరం బస్సు పొగలో నిలబడి తిన్నాం. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య వేదాంతం లాంటిది ఏదైనా నడిచిందంటే ఆ పది నిమిషాలే.

బావని మళ్లీ లేపింది మాత్రం బజ్జీలు కాదు. అక్క పోపులడబ్బా అడుగునుంచి, ఆవాల వాసన కొడుతున్న 40 వేలు తీసి ముందు పెట్టింది. ఉపన్యాసాలన్నీ ఆయనవి, నిజమైన పొదుపు ఈవిడదని ఆ రోజు బయటపడింది. బావ గుడ్లు తేలేసి, పుస్తకం తెరిచి, ఒక కొత్త పేజీలో 'పోపులడబ్బా: 40,000. వడ్డీ లేదు' అని రాసుకున్నాడు.

"లేదని ఎవరన్నారు?" అంది అక్క.

"ఎంత?"

"పొద్దున్నే కాఫీ మీరు కలిపి నా మంచం దగ్గరికి తేవాలి. అసలు తీరేదాకా."

ఆర్నెల్లకి బావ 40 వేలూ పట్టుకెళ్లి ఇవ్వబోయాడు. అక్క పుచ్చుకోలేదు. ముందే తీరిస్తే జరిమానా అంది. రిజర్వ్ బ్యాంకు 2012లోనే వద్దంది కదా అని ఆయన వాదిస్తే, "అది బ్యాంకులకి. నాకు కాదు" అంది. ఆ అప్పు ఇప్పటికీ అలాగే ఉంది. కాఫీ రోజూ వెళ్తోంది.

ఇంతా రాసి, నా సంగతి రాయకపోతే ఆయనకి అన్యాయం. నేను కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలు బేరమాడి గెలిచి, ఆ ఊపులో ముప్పై వేల ఫోన్ నెలవారీ కంతుల్లో కొన్నవాణ్ణి. 'జీరో కాస్ట్' అన్నారు కాబట్టి అది అప్పు కాదనుకున్నాను. మా ఆవిడకి ఆఫీసువాళ్లు ఇచ్చారని చెప్పాను. నాకూ ఒక ఖర్చుల పుస్తకం ఉంది. అందులో ఇతరములు తప్ప మిగతా పద్దులన్నీ చాలా చిన్నవి. బావని చూసి ఎగతాళి చేస్తూ తిరిగిన ఈ ఎనిమిదేళ్లలో నాకు తెలియకుండానే ఒక జబ్బు పట్టుకుంది. సినిమా టికెట్టు తీసుకున్నా, చొక్కా కొన్నా కళ్లు వాటంతటవే మూసుకుంటున్నాయి.

అన్నట్టు ఆరు ఎప్పుడూ ఆరుగానే ఉండదు. గడువు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. ఇంకా పదేళ్లున్నప్పుడు ఇప్పుడు కట్టిన రూపాయి చివర్లో మిగిల్చేది రెండున్నర కూడా కాదు. రెండేళ్లే మిగిలితే రూపాయి ఇరవై పైసలకి దగ్గర్లో ఉంటుంది. అప్పు తీరేకొద్దీ లోకం దాని అసలు ధరకి దిగివస్తుందన్నమాట. ఈ సంగతి నాకు చెప్పింది బావే. మొన్న సంక్రాంతి వెళ్లాక ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మామగారికి ఇంకా రెండేళ్లే. టీ పన్నెండు రూపాయలకి దిగింది. వచ్చెయ్, తాగుదాం."

వెళ్లాను. టీ ఇంకా పది రూపాయలకే అమ్మే బండి ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉందట. దానికోసం కిలోమీటరు నడిపించాడు. నాకేం బాధనిపించలేదు. ఎనిమిదేళ్ల నాటి టీ అది. దారిలో మేనకోడలి పరీక్ష మార్కుల గురించి చెప్పాడు. లెక్కల్లో మంచి మార్కులట. ఆశ్చర్యపోలేదు. బండి దగ్గరికి చేరి, జేబులు తడుముకుని, "చిల్లర లేదురా, నువ్వియ్యి" అన్నాడు. తర్వాత బండివాడి వైపు తిరిగి, దొరలా రెండు వేళ్లు ఎత్తి చూపించాడు.

"బాబూ, వన్ బై టూ."

రెండు చిన్న గ్లాసుల్లో సగం సగం టీ వచ్చింది. పన్నెండులో సగం ఎంతో నేను నోట్లోనే లెక్క వేసుకున్నాను. తలెత్తి చూద్దును కదా, బావ కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి.